నడువలేని పెద్దలతో విహారయాత్ర

(సంఘ వార్షికోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



ఖరగ్‌పూరు పేరు చెప్పగానే ఎవరికైనను మొదట జ్ఞప్తికి వచ్చునది అచ్చటి రైలు ప్లాట్‌ఫారము. దాని పొడవు 1072.5 మీటర్లు. చాలకాలము ప్రపంచములోకెల్ల పొడవైన ప్లాట్‌ఫారమని దానికి ఖ్యాతి ఉండెను. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి దానిని మించినవి. అయినను ఆ ఊరి పిల్లలు నేటికిని ఆ సంఖ్యను గర్వముతో చెప్పుకొందురు. కాని ఆ ఊరిలోనే డెబ్బది రెండేండ్ల తెలుగు తల్లి యొకతె గలదు. మోకాళ్ళ అరుగుదలచే నూరడుగులు నడచుటకే రెండుమారులు ఆగవలసిన ఆమెకు ఆ పొడవు గర్వకారణము కాదు. ఇల్లు విడిచి బయలుదేరుటకు అదియే మొదటి అడ్డంకి. ఆమెను వెంటబెట్టుకొని ఒక కుటుంబము చేసిన విహారయాత్రయే నేటి ప్రసంగమునకు విషయము.

ఖరగ్‌పూరులో తెలుగువారి కథ రైలు కథతోనే మొదలైనది. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాలు నాగపూరు రైల్వేవారు అచ్చట స్టేషనును, పిమ్మట పెద్ద వర్కుషాపును నెలకొల్పిరి. ఉత్తరాంధ్ర గ్రామములనుండి ఎన్నో కుటుంబములు పనికై వలసపోయి అచ్చటనే స్థిరపడినవి. బజారులో వంగభాష, పనిచోట హిందీ, ఇంటిలో తెలుగు. మూడు తరములు గడచినను ఆవకాయ, అమ్మవారి పూజ, పెండ్లిపాటలు మారలేదు. మనము చెప్పుకొను కుటుంబమును అట్టిదే. తండ్రి వర్కుషాపులో పనిచేసి గతించెను. కుమారుడును రైల్వే ఉద్యోగియే. తల్లి, కుమారుడు, కోడలు, పదునైదేండ్ల మనుమడు, పదునొకండేండ్ల మనుమరాలు ఓల్డు సెటిల్మెంటులోని క్వార్టరులో ఉందురు.

పూజ సెలవులు సమీపించినవి. పిల్లలిద్దరు హైదరాబాదులోని రామోజీ ఫిల్ముసిటీ చూడవలెనని పట్టుబట్టిరి. 1996లో స్థాపింపబడి, ప్రపంచములోకెల్ల పెద్ద చలనచిత్ర నిర్మాణ సముదాయముగా గిన్నిసు గ్రంథమున కెక్కిన ఆ స్థలము 1666 ఎకరముల విస్తీర్ణము గలది. తెలుగు సినిమాలు చూచి పెరిగిన ప్రవాసాంధ్ర బాలురకు అది తీర్థమువంటిది. ఆ రాత్రి భోజనమువేళ మాట ప్రయాణముపైకి రాగా, తల్లి చేయి కడుగుకొనుచు, "మీరు వెళ్ళి రండి నాయనా. ఇల్లు నేను చూసుకుంటాను. ఈ వయసులో నాకెందుకీ తిరుగుళ్ళు?" అనెను.

ఆ మాట విన్నంతనే కుమారునకు ఒకింత తేలికపాటు కలిగినదనుట సత్యము. అది అతని దోషమని ఎవరును అనరాదు. పెద్దలున్న ప్రతి ఇంటిలోను ఈ మాట వినబడుచునే యుండును. విన్నవారు దానిని అంగీకారముగానే గ్రహింతురు. కాని కోడలు మరియొకటి గమనించినది. పడుకొనబోవు ముందు అత్తగారు మనుమరాలిని చేరబిలిచి, "ఆ స్టేషను బొమ్మ మళ్ళీ ఒకసారి చూపించవే" అని యడిగెను. ఫిల్ముసిటీలో సినిమాల కొరకు కట్టిన రైలుస్టేషను ఒకటి గలదు. పిల్ల చేతిలోని ఫోనులో ఆ చిత్రము కనబడినది. నలుబది యేండ్లు రైలు కూతల నడుమ కాపురము చేసిన ఇల్లాలు ఆ బొమ్మస్టేషనును చాలసేపు చూచుచు కూర్చుండెను.

మరునాడు కోడలు చెంత కూర్చుండి, "అత్తయ్యగారూ, మీకు రావాలని లేదా, రాలేనేమో అని భయమా?" అని నేరుగా అడిగెను. కొంతసేపు మౌనము. పిమ్మట ఆమె, "రావాలనే ఉందమ్మా. రాత్రి రైల్లో ఒంటికి వెళ్ళాలంటే ఎవర్ని లేపను? అంత దూరం వచ్చి మీ సంచులకు కాపలా కూర్చోవడమెందుకు?" అనెను.

ఈ రెండు ప్రశ్నలలోనే విషయమంతయు ఇమిడియున్నది. పెద్దలు "రాము" అనుటలో వైరాగ్యము కన్న లెక్క యెక్కువ. ఎన్ని మెట్లు, ఎంత నడక, మరుగుదొడ్డి ఎంత దూరము, ఎవరికి ఎంత శ్రమ అను లెక్కలు వారు మనస్సులో వేసికొని, ఫలితమును మాత్రము మనకు చెప్పుదురు. ఆ లెక్కను వారి నెత్తినుండి దించి, కుటుంబమే కాగితముమీద వేసికొనుట ప్రయాణసన్నాహములో మొదటి పని. చేరిన పిమ్మట వారికి చూచుటకు ఏదియు లేక చెప్పులకును సంచులకును కావలి యుంచుట సమంజసము కాదని గుర్తించుట రెండవది.

శ్రవణకుమారుడు అంధులైన తలిదండ్రులను కావడిలో మోసిన కథను రామాయణమున వినని తెలుగువా రుండరు. కొండలపై వెలసిన క్షేత్రములలో డోలీలును అనాదిగా నున్నవి. అనగా నడువలేనివారికిని యాత్ర కలదని మన పూర్వు లంగీకరించిరి. అయితే ఆ భారమంతయు ఒక కుమారుని భుజముపైనో, ఒక బోయీ వీపుపైనో పడెను. దారియే వారికి అనుకూలముగా నుండవలెనను భావము ఇటీవలి కాలమున ప్రబలినది. ఆధునిక వినోదవనములకు మార్గదర్శియనదగిన డిస్నీలాండు అమెరికాలోని ఆనహైములో 1955 జూలై 17న తెరువబడెను. వికలాంగుల హక్కుల చట్టము ఆ దేశమున వచ్చుటకు 1990 వరకు పట్టెను. 2010లో టెక్సాసులోని సాను అంటోనియోలో మార్గన్సు వండరులాండు అను వనము వెలసెను. చక్రాల కుర్చీతో సహా ఎక్కి తిరుగగల రంగులరాట్నము అచ్చట గలదు. వికలాంగులకు ప్రవేశరుసుము లేదు. ఒక తండ్రి తన కుమార్తెతో ఇతర పిల్లలు కలిసి ఆడుకొనుటకు వెనుకాడుట చూచి దానిని కట్టించెను.

మన దేశమునను శాసనము వెనుకబడి లేదు. 1995లో ఒక చట్టము, దాని స్థానమున 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చినవి. ఈ రెండవది 2017 ఏప్రిలు 19 నుండి అమలులో నున్నది. ఇతరులతో సమానముగా వినోదకార్యక్రమములలో పాల్గొనుట కూడ ఒక హక్కేయని ఆ చట్టము 29వ సెక్షనులో పేర్కొన్నది. 2015 డిసెంబరు 3న సుగమ్య భారత్ ఉద్యమము ఆరంభమైనది. 2024 నవంబరు 8న సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, సౌకర్యముల విషయమున తప్పక పాటింపవలసిన కనీస నియమములను వేరుగా నిర్ణయింపుమని కేంద్రప్రభుత్వము నాదేశించెను. అయితే మోకాలి నొప్పితో బాధపడు వృద్ధులలో పెక్కుమందికి వికలాంగులమను ధ్రువపత్ర ముండదు. మెట్టు ఎక్కలేకపోవుటకు ధ్రువపత్రము అక్కరలేదు. కావున చట్టము కట్టింపగల దానిని చట్టమునకు విడిచి, కుటుంబము చేయగల దానిని కుటుంబము చేసికొనవలెను.

ఖరగ్‌పూరు కుటుంబము ఏమి చేసినది? మొదట ఒక నోటుపుస్తకమున మూడు గళ్ళు గీసిరి. ఆగకుండ ఎంత నడక, చేయిపట్టు ఉన్నచో ఎన్ని మెట్లు, ఎన్ని గంటల కొకమారు మరుగుదొడ్డి అనునవి ఆ మూడు గళ్ళు. ఇంటి వసారాలో మనుమరాలు అడుగులు లెక్కించినది. మూడు దినములు చూడగా, ఉదయమున నూట ఇరువది అడుగులు, సాయంకాలమున డెబ్బది అని తేలినది. మెట్లు ఎక్కుట కన్న దిగుట కష్టమని ఆమె చెప్పువరకు ఇంటివారికి తెలియదు. ఇంత చిన్న పరీక్షలో ఎన్నేండ్లుగా ఒకే ఇంట నున్నవారికి తెలియని విషయములు తెలిసినవి.

పిమ్మట పెద్ద ప్రయాణమునకు ముందు ఒక చిన్న ప్రయాణము చేసి చూడవలెనని కోడలు సూచించినది. ఖరగ్‌పూరునుండి హౌరా సుమారు 115 కిలోమీటర్లు. లోకలు రైలులో రెండున్నర గంటల ప్రయాణము. కలకత్తా సాల్టులేకులో 1991లో తెరువబడిన నిక్కో పార్కు కలదు. ఒక సెలవుదినమున అందరు అచ్చటికి పోయిరి. ఒక చక్రాల కుర్చీని అద్దెకు తెచ్చిరి. తల్లి దానిలో కూర్చుండుటకు అంగీకరింపలేదు. "కాళ్ళుండగా కుర్చీ ఏమిటి? నలుగురూ ఏమనుకుంటారు?" అని ఆమె వాదము. కుమారుడు కొంచెము విసుగుకొనెను కూడ. అప్పుడు మనుమడు సంచిని ఆ కుర్చీలో పెట్టి, "నాయనమ్మా, నువ్వు తొయ్యి. సంచి నేను మొయ్యలేను" అనెను. ఆమె కుర్చీ పిడిని ఊతగా పట్టుకొని నడిచినది. నూరడుగుల పిమ్మట అలసి, సంచిని ఒడిలో పెట్టుకొని తానే కూర్చుండినది. ఆనాటినుండి ఆ కుర్చీని గూర్చి వాదము లేదు. నడక బొత్తిగా పోనివారికి కుర్చీని ఈ విధముగా అలవాటు చేయుట ఉత్తమము: ముందు ఊతకఱ్ఱ, పిమ్మట ఆసనము. తొయ్యునపుడు బ్రేకులు సరిగా పడుచున్నవో లేదో వెనుకనున్నవారు చూచుకొనవలెను.

ఆ దినమున ఒక పొరపాటు జరిగినది. సాయంకాలమునకు తల్లికి తలనొప్పియు, కండ్లు తిరుగుటయు వచ్చినవి. విచారింపగా ఉదయమునుండి ఆమె గ్రుక్కెడు నీరు త్రాగలేదని బయటపడినది. నీరు త్రాగినచో మాటిమాటికి మరుగుదొడ్డికి పోవలసివచ్చునను భయమే కారణము. ప్రయాణములలో వృద్ధస్త్రీలు చాలమంది ఇట్లే చేయుదురు, ఎవరితోను చెప్పరు. ఎండలో నీరు తగ్గుట వారికి మోకాలినొప్పి కన్న ప్రమాదకరము. రక్తపోటునకు మందు వాడువారికి మరింత జాగ్రత్త అవసరము. కాబట్టి ఏ స్థలమునకు పోయినను, చూడదగిన వింతల కన్న ముందు మరుగుదొడ్డి ఎచ్చటనున్నదో, దానికి మెట్లున్నవో లేవో, కుర్చీవంటి కమోడు గలదో లేదో తెలిసికొనవలెను. ఈ మాట సభలో చెప్పుటకు సంకోచింపవలసిన పనిలేదు. దీనిని చెప్పక దాచుటవలననే ఎందరో ఇండ్లలో మిగిలిపోవుచున్నారు.

ఇక రైలు విషయము. హైదరాబాదు పోవు ఈస్టుకోస్టు ఎక్స్‌ప్రెస్సు, సికింద్రాబాదు పోవు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్సు ఖరగ్‌పూరు మీదుగా పోవును. ఏ బండిలోనైనను ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణము. రైల్వే ఉద్యోగి పాసులో ఆశ్రితురాలైన వితంతుమాతకు చోటు కలదు. ఇతర కేంద్రప్రభుత్వ ఉద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ క్రింద ఆశ్రితులైన తలిదండ్రులు చేరుదురు. అయితే కుటుంబ పింఛను మొదలగు ఆదాయము పరిమితికి లోబడియున్నదో లేదో ముందుగా చూచుకొనవలెను. వృద్ధులకు రైలుచార్జీలో ఇచ్చు తగ్గింపు 2020 మార్చిలో నిలిపివేయబడినది. కావున పాత జ్ఞాపకములను నమ్మక, ప్రయాణమునాటి నిబంధన విచారించుట మేలు. తోడులేనిదే ప్రయాణింపజాలని అంగవైకల్యము గలవారికి ధ్రువపత్రముపై ఇచ్చు రాయితీ వేరు. స్లీపరు, మూడవ ఏసీ తరగతులలో నూటికి 75 వంతుల తగ్గింపు వారికిని, వెంటవచ్చువారికిని వర్తించును.

క్రింది బెర్తు దొరకుట మరియొక చిక్కు. 60 ఏండ్లు దాటిన పురుషులకును, 45 ఏండ్లు దాటిన స్త్రీలకును ప్రతి స్లీపరు పెట్టెలో ఆరేడు, మూడవ ఏసీలో నాలుగైదు క్రింది బెర్తులు ప్రత్యేకింపబడినవి. కాని ఒకే టిక్కెట్టుపై కుటుంబమంతటికి కోరినచో ఆ వసతి వర్తింపదు. ఒకరుగానో, అట్టి వయస్సు గల ఇద్దరుగానో కోరవలెను. కోడలికి నలుబది ఆరేండ్లు. కావున అత్తకోడండ్ర రిజర్వేషను ఒకటిగాను, తక్కినవారిది మరియొకటిగాను చేసిరి. అత్తకోడండ్రకు ఎదురెదురు క్రింది బెర్తులు వచ్చినవి. "రాత్రి ఎవర్ని లేపను?" అన్న ప్రశ్నకు అదే సమాధానము. చేయి చాచినచో అందునంత దూరములో కోడలు పడుకొనియుండెను.

ఆ పొడవైన ప్లాట్‌ఫారము మాట మరువరాదు. ఒక్కొక్క రైలుపెట్టె సుమారు 24 మీటర్ల పొడవు. ఇరువది పెట్టెల బండిలో ఈ కొననుండి ఆ కొనకు ఇంచుమించు అరకిలోమీటరు. తన పెట్టె ఎచ్చట ఆగునో ముందుగా తెలియని పక్షమున, బండి వచ్చిన పిమ్మట పరుగెత్తుట నడువలేనివారికి అసాధ్యము. కుమారుడు రెండు దినములు ముందుగా స్టేషనుకు పోయి, పెట్టెల వరుసను, ఆగుచోటును చూచివచ్చెను. చక్రాల కుర్చీకై స్టేషను అధికారులను ముందే కోరెను. ఒక పోర్టరును మాటలాడి పెట్టెను. బండి వచ్చుటకు ముప్పావుగంట ముందే తల్లిని సరియైన చోట కూర్చుండబెట్టిరి. నాడు ఆమె ప్లాట్‌ఫారముపై నడిచినది పది అడుగులు మాత్రమే. పెట్టె తలుపు ఇరుకు, మెట్లు నిటారు. కుర్చీ లోనికి పోదు. కావున ఒకరు పైనుండి చేయి అందించి, మరియొకరు క్రిందనుండి వీపు ఆనించి, తొందరలేక ఎక్కించిరి.

సికింద్రాబాదున దిగిన దినమున ఎచ్చటికిని పోలేదు. పిల్లలకు ఇది నచ్చలేదు. పదునైదేండ్ల వాడు ముఖము ముడుచుకొని కూర్చుండెను. "ఉన్నదే నాలుగు రోజులు, అందులో ఒకటి నిద్రకా?" అని అతని ఫిర్యాదు. అతని బాధ అసత్యము కాదు. పెద్దల కొరకు పిల్లల సంతోషమును పూర్తిగా బలిపెట్టినచో, మరుసటి యేడు పెద్దలను ఎవరును పిలువరు. అందుచే కుటుంబము ఒక ఒప్పందము చేసికొనెను. ఫిల్ముసిటీలో ఒక్క దినమునకు మారు రెండు దినములు గడుపుదురు. ప్రతిదినము అందరు కలిసి చూచునవి కొన్ని, విడివడి చూచునవి కొన్ని. నాయనమ్మ వద్ద వంతులవారీగా ఎవరో ఒకరుందురు. ఆమె ఎన్నడును ఒంటరిగా నుండదు. ప్రతిమనిషి తనకు తప్పక కావలసినది ఒకటి చెప్పవలెను. మనుమడు గిరగిర తిరుగు యంత్రములు కోరెను. మనుమరాలు పక్షులవనము కోరినది. తల్లి స్టేషను కోరినది.

బస విషయములో వారు గదిని చూడక ముందే నాలుగు ప్రశ్నలు టెలిఫోనులో అడిగిరి. లిఫ్టు కలదా, లిఫ్టును చేరుటకు మెట్లున్నవా, స్నానాలగదికి గడప ఎంత ఎత్తు, కమోడు ప్రక్క పట్టుకొనుట కేమైన కలదా? "అన్ని సౌకర్యములు గలవు" అన్న సమాధానమును నమ్మరాదు, అంకెలు అడుగవలెను. ఒక బసలో లిఫ్టు కలదుగాని దానిని చేరుటకు ఏడుమెట్లున్నవని ఈ ప్రశ్నవలననే తెలిసినది. స్నానమునకు ఒక ప్లాస్టికు పీట, నేలపై పరచుటకు జారని చాప వెంట తీసికొనిపోయిరి. వీటి వెల స్వల్పము. పడి తుంటియెముక విరిగినచో కలుగు నష్టము అపారము.

ఫిల్ముసిటీ నగరమునకు తూర్పున, విజయవాడ పోవు రహదారిపై నున్నది. అంత విస్తీర్ణమును ఎవరును నడచి చూడజాలరు. సందర్శకులను బస్సులలో త్రిప్పుదురు. ఈ కారణముచే నడువలేనివారికి అది ఒకవిధముగా అనుకూలమైన స్థలము. తోటలు, రాజవీధులు, కోటలు, బాహుబలి చిత్రమునకై నిర్మించిన కట్టడములు కూర్చున్నచోటినుండియే కొంతవరకు కనబడును. బస్సు మెట్లు ఎక్కుట, దిగుట మాత్రము శ్రమ. కావున ప్రతి మజిలీయందు దిగక, దిగదగినవి మూడు మాత్రమే ముందుగా ఎన్నుకొనిరి. ఆటపాటల ప్రదర్శనలకు అరగంట ముందే పోయి, చివరి వరుసలో మెట్లులేనిచోట కూర్చుండిరి. వెన్నెముకకు, గుండెకు ఒత్తిడి కలిగించు యంత్రముల జోలికి తల్లిని తీసికొనిపోలేదు. పండ్రెండు గంటలకు నీడపట్టున భోజనము, పిమ్మట ఒకగంట విశ్రాంతి. సాయంకాలమున నడక తగ్గునని వసారాలోని లెక్క చెప్పియుండెను గదా. కావున నడువవలసినవన్నియు ఉదయముననే ముగించిరి.

అన్నియు అనుకొన్నట్లు జరిగినవని చెప్పుట పొరపాటు. మొదటి దినము మధ్యాహ్నమున కుమారుడు అందరిని త్వరపెట్టగా, తల్లి తొందరలో అడుగు తడబడి మోకాలు నొచ్చినది. ఆపూట ఆమె బసకు తిరిగిపోయినది. కోడలు వెంటపోయినందున ఆమెయు ఆనాటి ప్రదర్శన చూడలేదు. ఆ రాత్రి తల్లి మరల, "రేపు మీరు వెళ్ళండి" అనెను. ఈమారు ఎవరును ఆ మాటను అంగీకారముగా తీసికొనలేదు. మనుమడే, "స్టేషను నీ వంతు, నాయనమ్మా. నువ్వు చూడకపోతే లెక్క తప్పుతుంది" అనెను. ముందుదినము ముఖము ముడుచుకొన్నవాడే ఆ మాట అనుట విశేషము.

రెండవ దినము ఉదయము చల్లని వేళ ఆమెను ఆ స్టేషనుకు తీసికొనిపోయిరి. నిజమైన స్టేషనువలె పేరుపలక, బల్లలు, ప్లాట్‌ఫారము, పెట్టెలు అన్నియు ఉన్నవి. ఆమె కుర్చీ పిడి పట్టుకొని ఆ ప్లాట్‌ఫారముపై మెల్లగా నడచి, ఒక బల్లపై కూర్చుండినది. "మీ తాతయ్య చూస్తే నవ్వేవారు. ఇక్కడ బండి ఎప్పుడూ లేటవదు" అనెను. అందరు నవ్విరి. పిమ్మట ఆమె పెండ్లియైన క్రొత్తలో ఖరగ్‌పూరు స్టేషనులో మొదటిసారి దిగిన దినమును, ట్రంకుపెట్టెపై కూర్చుండి భర్త వచ్చువరకు ఎదురుచూచిన విధమును, వంగభాష ఒక్క ముక్క తెలియక భయపడుటను చెప్పసాగినది. మనుమలు అంతకుముందు వినని కథ అది. వారు తమ యంత్రముల వేళ దాటిపోవుచున్నను కదలలేదు. ఆమెను ఇంటనే విడిచి పోయియున్నచో ఆ కథ ఆమెతోనే ఉండిపోయెడిది.

సభాసదులారా, ఈ వృత్తాంతమున అసాధారణమైన ధనవ్యయము లేదు, అసాధారణమైన త్యాగమును లేదు. ఒక నోటుపుస్తకము, ఒక అద్దె కుర్చీ, కొన్ని ప్రశ్నలు, ఒక అదనపు దినము ఉన్నవి. అన్నిటికన్న ముందు, "రావాలని లేదా, రాలేనని భయమా?" అను ఒక్క ప్రశ్న ఉన్నది. అది అడుగక ఏ సన్నాహమును ఫలింపదు. అడిగిన పిమ్మట నిజముగానే రావలెనను కోరిక లేదన్నచో, బలవంతము చేయరాదు. అదియు వారి హక్కే. కొందరికి ఇల్లే సుఖము.

ఈ విషయము ఒక కుటుంబముతో ముగియునది కాదు. ప్రవాసమున నున్న తెలుగు సంఘములన్నియు ఉగాదికి సభలు, కార్తికమున వనభోజనములు జరుపుచునే యున్నవి. ఆ సభలకు ఎందరు వృద్ధులు రాక మానుచున్నారో ఒకమారు లెక్కించి చూడవలెను. సభామందిరమున అర్ధ అడుగు ఎత్తు గల మెట్టుకు ఆరడుగుల వాలుదారి చాలును. ఒకటికి పండ్రెండు అను కొలత ప్రకారము ఎంత యెత్తునకైనను లెక్క వేసికొనవచ్చును. సంఘము తరఫున ఒక చక్రాల కుర్చీని ఉంచి, ప్రయాణము చేయు కుటుంబములకు ఎరువిచ్చినచో అది మంచి సేవయగును. వనభోజనమునకు తోట ఎన్నుకొనునపుడు మామిడినీడతో పాటు మరుగుదొడ్డిని కూడ చూడవలెను. ముందువరుసలో చేతులు గల కుర్చీలు నాలుగు వేయవలెను. చేతులు లేని కుర్చీనుండి లేచుట వారికి ఎంత కష్టమో కూర్చున్నవారికే తెలియును.

రాబోవు సెలవులలో ప్రయాణ సన్నాహములు చేయు సభ్యులు టిక్కెట్టు కొనుటకు ముందు ఇంటిలోని పెద్దల చెంత ఒక అరగంట కూర్చుండవలెనని ప్రార్థన. వారు "మీరు వెళ్ళి రండి" అన్నచో, ఆ మాట వెనుకనున్న లెక్కను ఓపికతో అడిగి తెలిసికొందురు గాక.

స్వస్తి.